అత్తమ్మ మూసిన చిల్లు

మొన్న మా మనవరాలు అంజూర్ ఫాటా దగ్గరి దుకాణంలో మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు కొనుక్కొచ్చింది. పాపం, చూసుకోకుండా తెచ్చుకుందేమోనని నేను సూదిలో దారం ఎక్కించి కూర్చున్నాను. "అరే నాయినమ్మా, రెహనే దో. ఆ చిరుగుకే పైసలిచ్చిన," అని ప్యాంటు లాక్కుపోయింది. నవ్వొచ్చింది గానీ, చేతిలో మిగిలిన సూదిని చూస్తుంటే, చిరుగు కోసమే మా ఇంటికి వచ్చిన మరో ఆడమనిషి గుర్తొచ్చింది.

అప్పుడు మేము నాగావ్‌లో, సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా మీది గదిలో ఉండేవాళ్లం. కింద సాంచాలు ఆడుతుంటే పైన మా గిన్నెలు వణికేవి. మా ఆయన తమ్ముడు సిపాయి. కొండల మీద జరిగిన యుద్ధంలో పోయాడు. అతని పెట్టెతో పాటు ఆఖరున ఒంటి మీదున్న అంగీ కూడా ఇంటికొచ్చింది. ఎడమ పక్కన తూటా దూరిన చిల్లు. కొన్నాళ్లకు, యుద్ధాల్లో పోయిన సిపాయిల కోసం ఢిల్లీలో మ్యూజియం కడుతున్నారని, అందులో పెట్టే వస్తువుల కోసం ఆర్కైవిస్టు ఒకామె ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వస్తుందని కబురందింది. తూటా తగిలిన అంగీ ఉందని మా ఆయన చెప్పి పంపాడు. అప్పటి నుంచి అత్తమ్మకు ఒకటే ధ్యాస. "అందరి కొడుకులు ఆడ ఉంటరు. నా కొడుకొక్కడు గీ పెట్టెల ఎందుకుండాలె?" అనేది.

ఆ ఆర్కైవిస్టు వచ్చింది. సన్నటి మనిషి, కళ్లద్దాలు. గిన్నెల వణుకు చూసి భూకంపమనుకుని లేచి నిలబడింది. ఆమెది హిందీ. అత్తమ్మ హిందీ కూరగాయల బేరానికి సరిపోయేది. అంతకు మించితే మధ్యలో నేనే చెప్పాలి. ఆమె తెల్లటి చేతి తొడుగులు వేసుకుని అంగీ మడత విప్పింది. తిప్పింది. మళ్లీ తిప్పింది. "తూటా ఎక్కడ తగిలింది?" అని అడిగింది. అత్తమ్మ ముఖం వెలిగింది. అంగీ కింది మడతలోంచి పోగులు లాగి, పడుగులో పడుగు, పేకలో పేక కలిపి ఆ చిల్లును ఆ కబురు అందగానే మూసేసింది మరి. మా నేత ఇళ్లలో చిరిగిన బట్ట గడప దాటదు. అందులోనూ అది ఢిల్లీకి పోయే కొడుకు అంగీ.

ఆర్కైవిస్టు ముఖం వాడిపోయింది. చిల్లు కనపడకపోతే అది ఏ సిపాయి అంగీ అయినా కావచ్చని, పైవాళ్లు ఒప్పుకోరని, సాయంత్రం రైలుకు తాను వెళ్లిపోవాలని చెప్పింది. చివరికి, ఆ పోగులు తీసేయడానికి వీలవుతుందా అని నన్ను మెల్లగా అడిగింది. ఆ మాట తెలుగులో అనడానికి నాకు నోరు రాలేదు. అంతలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఎప్పుడూ అరిచి మాట్లాడుకునే ఆ గదిలో మా ఊపిరి మాకే వినపడింది.

"ఏమంటున్నది?" అంది అత్తమ్మ.

"పోగులు తియ్యమంటున్నది అత్తమ్మా. లేకుంటె తీస్కపోదట."

అత్తమ్మ లేచి చిన్న కత్తెర తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఈ చేతులతోని మూసిన. మల్ల గివే చేతులతోని తియ్యను. నీకు గంత అక్కెరుంటె నువ్వే తియ్యి బిడ్డా," అని గోడ వైపు తిరిగి కూర్చుంది.

నేను చెప్పకముందే ఆర్కైవిస్టుకు అర్థమైంది. అంగీని లోపలి వైపుకు తిప్పి, కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు వెతికింది. ఆ చోటు దొరికాక కత్తెర మొన అక్కడ ఆనించింది. నేను ఆమె వేళ్లనే చూస్తున్నాను. "దారం ఎక్కడిది?" అంది. "ఆ అంగీదే," అన్నాను. కత్తెర కింద పెట్టింది. తొడుగు తీసేసి ఒట్టి వేలితో అక్కడ తడిమింది. "ఇలాగే తీసుకెళ్తాను. పైవాళ్లతో నేను మాట్లాడతాను," అంది. ఆ మాట తెలుగులో చెప్పాను. అత్తమ్మ గోడ వైపు నుంచి తిరగలేదు. "చాయ పెట్టు. బండికి పోవాలె ఆమె," అంది.

చాలా ఏళ్లకు మేము మ్యూజియం చూడ్డానికి వెళ్లేసరికి అత్తమ్మ బతికి లేదు. ఆ మధ్యలో నేను మా కోడలి దగ్గర కూర్చుని హిందీ అక్షరాలు నేర్చుకున్నాను. అద్దం వెనక అంగీ ఉంది. కింద అట్ట మీద హిందీలో ఉన్న మాటలు కూడబలుక్కుని చదివాను: తూటా చిల్లు, తల్లి అదే అంగీ దారంతో మూసింది. వచ్చినవాళ్లు వంగి వెతుకుతున్నారు, దొరక్క ముందుకు పోతున్నారు. నేనూ వెతికాను. అంగీ రంగు బాగా వెలిసింది. వేరే దారం వాడి ఉంటే ఈపాటికి అక్కడ మచ్చలా తేలేది. అత్తమ్మ పోగులు అంగీతో పాటే వెలిశాయి. అన్నేళ్లు గడిచినా, కాలానికి కూడా ఆ చోటు దొరకలేదు.