దిష్టి పోగు

వెంకటలక్ష్మమ్మ చేతికి సూది దొరికితే ఊరుకునే రకం కాదు. బస్సులో పక్క సీటామె కొంగున పోగు లేచి ఉంటే, దాన్ని సరిచేసి గానీ దిగదు. మదనపల్లెలో నేతగాళ్ల ఇంట పుట్టిన మనిషి. పోగు తప్పితే చీర వెనక్కొస్తుందనీ, నాన్న తల వంచుకుని నిలబడాల్సొస్తుందనీ పలక పట్టకముందే తెలుసు. మగ్గం దిగిన చీర మొదట ఆమె చేతికే వచ్చేది. రంగు తప్పిన పోగును సూదితో లాగేసి, పక్క పోగుల్ని గోటితో జరిపేస్తే, అక్కడేదో జరిగిందని ఎవరూ కనిపెట్టలేకపోయేవారు.

ఆ చేతులు చూసే గోపాలస్వామి సారు 1993లో ఆమెను పుంగనూరులో పనికి పెట్టుకున్నాడు. డ్రాయింగ్ మాస్టరుగా రిటైరయ్యాక ఆయన ఊరూరా తిరిగి, పాత పెట్టెల అడుగున పడి ఉన్న చీరలూ పంచెలూ అడిగి తెచ్చి, ఒక పాత బంగళాలో మూడు గదుల నిండా దాచాడు. ప్రతి బట్ట గురించీ, ఇచ్చినవాళ్లు చెప్పిన మాటలతో సహా, గుండ్రటి అక్షరాలతో రిజిస్టరులో రాసిపెట్టాడు. బట్టల్ని నీడన ఆరబెట్టడం, మడతలు మార్చడం, వేపాకు పొట్లాలు పెట్టడం వెంకటలక్ష్మమ్మ పని. రిజిస్టరు జోలికి ఆమె పోలేదు. బట్ట సంగతి చేతికే తెలుస్తుంటే కాగితాన్ని అడగడమెందుకని ఆమె గర్వం.

ఆ గర్వమే కొంప ముంచింది. 1999లో ఎవరో పెద్దమనుషులు చూడ్డానికొస్తున్నారంటే, కలకడ నుంచి వచ్చిన ఎర్ర పట్టుచీర తీసి పరిచింది. కొంగులో అడ్డంగా ఒకే ఒక్క నల్ల పోగు. ఇంత మంచి చీరలో ఇదేం తప్పని ఆమె ప్రాణం ఊరుకోలేదు. మూడు రోజులు కూర్చుని, పాత పట్టు చిట్లకుండా ఆ పోగును లాగేసింది. నేతోళ్లింట పోగు పారేయరు గనక అగ్గిపుల్లకు చుట్టి సూదుల డబ్బాలో పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేశానని లోలోపల మురిసిపోయి, తర్వాత మరిచిపోయింది.

నాలుగేళ్లకు కుప్పం నుంచి ప్రీతి అనే అమ్మాయి పాత నేతల మీద పరిశోధన చేస్తూ వచ్చింది. రిజిస్టరు ముందేసుకుని పైకి చదివింది. "కలకడ చీర. కొంగులో ఒక నల్ల పోగు. తప్పు కాదు. పెండ్లికూతురికి దిష్టి తగలకుండా నేసినవాడే వేసింది. ఆ ఒక్క ఇంటోళ్లే ఇట్ల నేస్తారంట." తలెత్తి, "ఈ పోగు కోసమే వచ్చినానమ్మా, సూపిస్తారా?" అంది.

వెంకటలక్ష్మమ్మకు సూదుల డబ్బాలోని అగ్గిపుల్ల గుర్తొచ్చింది. చీర పరిచింది. ప్రీతి భూతద్దం పెట్టి గంటసేపు వెతికి, చివరికి "లేదే" అంది. నోరు విప్పాల్సిన మనిషి వేపాకు పొట్లాలు సర్దుతూ నిలబడింది.

మరుసటి రోజు సారును ఆటోలో తీసుకొచ్చారు. అప్పటికే ఆయనకు చూపు మందగించింది. కొంగును వేలితో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తడిమాడు.

"ఉండాది తల్లీ, నా కండ్లతో సూసి రాసినా" అన్నాడు. మళ్లీ తడిమాక గొంతు తగ్గిపోయింది. "ఏమో, ఈ మధ్య శానా మర్చిపోతాండాను. ఇంకే చీరదో దీనికి రాసుంటా." వెంకటలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నా చెయ్యి వణుకుతాది. ఆ మాట నువ్వే కొట్టెయ్. రేపు ఇంకొకరు నమ్మి మోసపోతారు."

ఆమె కొట్టేసింది. స్కేలు పెట్టి మరీ నీటుగా కొట్టేసింది. అంతకన్నా సిగ్గుమాలిన పని ఆ చెయ్యి ఎప్పుడూ చేయలేదు.

ఆ తర్వాత సారు బంగళాకు రావడం మానేశాడు. వారం తర్వాత ఆయన భార్య రాజేశ్వరమ్మ సంతలో కనబడి, "రిజిస్టరంతా తప్పేనేమో అంటాండాడమ్మా. అన్నం ముందర కూసోని అట్లే ఉంటాడు" అని చెప్పింది. వెంకటలక్ష్మమ్మ ఇక ఆగలేకపోయింది. సూదుల డబ్బా తీసుకుని సారింటికి పోయి, అగ్గిపుల్లను ఆయన అరచేతిలో పెట్టింది.

"సారూ, ఇది కలకడ చీరది. తప్పు పోగనుకోని నేనే పీకేసినా. ఆ పొద్దు మీ ముందర నోరు రాలేదు."

ఆయన పోగును విప్పి, రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా లాగి చూసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"అయితే నాకు మతి పోలేదు" అన్నాడు. లోపలున్న భార్య వైపు తిరిగి, "వింటివా, నేను రాసింది నిజమే" అని గట్టిగా చెప్పి నవ్వాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కొంతైనా బరువు దిగేది. ఆ నవ్వు చూసి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ పోగును తిరిగి చీరలో పెట్టడం ఆమెకు పెద్ద పని కాదు. పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. అందుకే పెట్టలేదు. అది ఇప్పుడు ఒక కవరులో చీర పక్కనే ఉంటుంది. రిజిస్టరులో కొట్టేసిన మాట కింద, "పైన రాసింది నిజం. పోగు తీసింది నేను. మాట కొట్టేసింది నేను" అని రాసి సంతకం చేసింది. సారు పోయాక కూడా, ఆ చీర చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకూ దాన్ని ఆమే చదివి వినిపించేది. చదువుతున్నంతసేపూ, చీర వెనక్కొచ్చిన రోజు నాన్న నిలబడినట్టే తల వంచుకుని నిలబడేది.