అగ్నికేతు ఓడిపోయిన ఆదివారం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే జహీరాబాద్ నుంచి రేణుక ఫోన్ చేసింది. "అవ్వ పోయిందే. నిద్రలనే పోయింది, ఏం తిప్పలు పడలే," అంది. రేణుక నాయనమ్మను మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్లం. ఫోన్ పెట్టేశాను. బాధగా ఉంది కానీ, గుర్తొచ్చినవన్నీ నవ్వించేవే.

నాన్నకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో కోస్తా నుంచి అక్కడికి వచ్చాం. నాకప్పుడు పధ్నాలుగేళ్లు. పక్కింటి రేణుక, వెనక వీధి ఇమ్రాన్ తప్ప స్నేహితులు లేరు. ఆ వేసవిలో రేణుక మేనబావ హైదరాబాద్ నుంచి ఇరవై ముఖాల పాచిక తెచ్చి ఒక ఆట నేర్పి వెళ్లాడు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. అది ఫలిస్తుందో లేదో పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గెలుపు.

నా పాత్ర అగ్నికేతు. నోటుబుక్కులో రెండు పేజీల నిండా వాడి శక్తులే. నిప్పుకు కాలడు, కత్తికి తెగడు, ఎదుటివాళ్ల మనసు చదువుతాడు. అదీ చాలక, నాలుగు పడినా పాచిక చటుక్కున తీసేసి "పంతొమ్మిది!" అనేదాన్ని. కొత్త ఊళ్లో నాకు చేతనైన గెలుపు అదొక్కటే.

ఒక ఆదివారం ఇమ్రాన్ లేచి నిలబడ్డాడు. వాడి పాత్ర మామూలు వంటవాడు. "ఎప్పుడు జూసినా నువ్వే గెలుస్తవ్. మేమెందుకు కూసోవాలె? నేను పోత."

రేణుక వాళ్ల అరుగు మీద, మా పక్కనే అల్లానికి మట్టి దులుపుతున్న అవ్వ తలెత్తింది. "జర ఆగు బిడ్డా. ఇయ్యాల కథ నేను చెప్త."

అవ్వ కథలో అగ్నికేతు ఒక కోట ముందుకొచ్చాడు. గుమ్మంలో ఒక చిన్నపిల్ల అలిగి కూర్చుంది. ఆమె నవ్వితేగానీ తలుపు తెరుచుకోదు.

"కత్తి దూస్తాను," అన్నాను.

"పసిపిల్ల మీదనా?"

"పోనీ, మనసు చదువుతాను."

"సదువు. 'గీయన వచ్చినప్పటి సంది మమ్ముల ఆడనిస్తలేడు' అనుకుంటుంది."

ఇమ్రాన్ ఫక్కున నవ్వాడు. నా మొహం వేడెక్కింది. "అయితే బతిమాలుతాను," అని పాచిక వేశాను. మూడు పడింది.

అవ్వకు అంకెలు రావు. "ఎంత వడ్డదే?" అని నన్నే అడిగింది. పద్దెనిమిది అన్నా నమ్మేది. అంతగా నమ్మే మనిషి ముందు నాకు అబద్ధం రాలేదు.

"మూడు, అవ్వా."

"మంచిగైంది! పిల్ల నీ చెయ్యి కొరికింది. ఇగ ఎవర్ని పిలుస్తవో పిలువు."

వంటవాణ్ణి పిలిచాను. ఇమ్రాన్ మళ్లీ కూర్చున్నాడు. బెల్లమన్నం వండుతానని పాచిక వేస్తే ఐదే పడింది. అన్నం మాడింది. మసి అంటిన వంటవాడి మొహం చూసి పిల్ల నవ్విందని, తలుపు తెరుచుకుందని అవ్వ తేల్చింది.

ఆ తర్వాత మా ఇంటర్ అయ్యేదాకా కథ చెప్పింది అవ్వే. పెద్ద అంకె పడితే "గంతేనా, అయిపాయె," అని పెదవి విరిచేది. చిన్నది పడితే ముందుకు జరిగి కూర్చునేది. "ఓడినోనికే కథ ఉంటది," అనేది. నోటుబుక్కులో అగ్నికేతు శక్తులను ఒక్కొక్కటిగా నేనే కొట్టేశాను. ఇమ్రాన్ ఇప్పటికీ నా స్నేహితుడు.

దినాలకు వెళ్లినప్పుడు రేణుక నాకు తెలియని సంగతి చెప్పింది. శనివారం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లుతూ అవ్వ మర్నాటి కథ సాధన చేసేదట. ఒక చేత్తో బకెట్టు. ఓ విసురుకు రాక్షసుడి బొంగురు గొంతు, మరో విసురుకు రాణి సన్న గొంతు. పాలకు పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లట. అవ్వ వాళ్లను పట్టించుకోకుండా, గొంతు కుదరలేదని అదే మాట మళ్లీ అంటూ, తడిసిన చోటే మళ్లీ నీళ్లు చల్లేదట.