ఒకే ట్యాంకులో రెండు మందులు

స్టీరింగు మీద మా ఆయన చేతులు వణుకుతున్నాయని నేను వి.కోట దాటినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. కుప్పంలో మా చెల్లెలి కొత్తింటి గృహప్రవేశం. తెల్లవారగానే పుంగనూరు నుంచి కారులో బయలుదేరాం. మా ముందు గ్రానైటు బండ వేసుకున్న లారీ ఒకటి మూలుగుతూ పోతోంది. దాన్ని దాటడానికి ఆయన పక్కకు వస్తాడు, మళ్లీ వెనక్కి తగ్గుతాడు. ఏసీ పనిచేస్తోంది, ఆయన చొక్కా మాత్రం వీపుకు అంటుకుపోయింది.

"ఏమయ్యా, ఆపుదామా?" అన్నాను.

"ఏం కాలేదు మే. గమ్మున కూర్సో."

గమ్మున కూర్చోవడం నాకు పుట్టుకతో రాని విద్య. అయినా ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నాను. అంత భయం వేసింది నాకు.

ఆయన సోమల దగ్గర టమోటా పండిస్తాడు, నేను పుంగనూరులో జాకెట్టు గుడ్డల కొట్టు నడుపుతాను. రేట్లు పడిపోయిన ఒక ఏడాది, మదనపల్లె మార్కెట్‌లో వేలం జరుగుతుండగానే ఆయనకు గుండె పట్టేసింది. ఊపిరాడలేదు. గుండెపోటే అనుకుని పరిగెత్తాం. పరీక్షలన్నీ చేసి, గుండెకేం కాలేదు, ఇది ఆందోళన జబ్బు అని ఒక చిన్న మాత్ర రాసిచ్చారు. వేసుకున్న కాసేపటికే మనిషి కుదుటపడ్డాడు. ఆ మాత్ర చేసినవాడు చల్లగా ఉండాలని నేను దండం పెట్టుకున్నాను.

కానీ అది ఏళ్ల తరబడి సాగింది. అది లేనిదే నిద్ర రాదు, వేసుకుంటే పగలు కూడా మత్తు వదలదు. ఒకసారి తన క్రేట్లకే వేలం పాడుతుంటే వాటికే ఆనుకుని కునుకు తీశాడు. ఊరంతా నవ్వింది. నాకు మాత్రం, ఈ మనిషే కదా తిరిగి ట్రాక్టరు తోలుకుంటూ ఇంటికి రావాల్సింది అనిపించింది. నేనే పోరుపెట్టి మదనపల్లెలో వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె ఓపికగా చెప్పింది. పాత మాత్ర వెంటనే పనిచేస్తుంది, కానీ ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. కొత్త మాత్ర నిదానంగా అందుకుంటుంది. కొన్ని వారాల దాకా గుణం తెలియదు, మొదట్లో కాస్త దడ పెరిగినా పెరగొచ్చు. కానీ కుదిరితే ఇంత మత్తు ఉండదు, ఇలా అలవాటూ పడదు. "మార్చేటప్పుడే జాగ్రత్తగా ఉండాలప్పా. కొత్తది మొదలుపెట్టినా పాతది ఒక్కసారిగా ఆపకూడదు. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి" అంది. ఆయన బుద్ధిగా తలూపాడు. తలూపడంలో మా ఆయనను మించినవాడు లేడు.

ఇంటికి వచ్చాక మాత్రల సంచీ తన దగ్గరే పెట్టుకున్నాడు. చేలో కొట్టే మందైనా అంతే. మూతతో కొలిచేది తనే, పిచికారీ ట్యాంకులో పోసేది తనే, ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. "పాతది సగం ఏసుకుంటాండావా?" అని అడిగితే, "నేనేమన్నా సిన్నపిల్లోడినా?" అని గయ్యిమన్నాడు.

వారం తిరగకముందే ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. ఆయనకు నిద్ర లేదు. మిక్సీ తిప్పితే చెవులు మూసుకుని వరండాలోకి పోయేవాడు. ఒళ్లంతా చెమటలు. కొత్త మాత్ర పడలేదని ఇద్దరం తీర్మానించుకున్నాం. గృహప్రవేశం కాగానే డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఈ దిక్కుమాలిన దాన్ని మాన్పించాలనుకున్నాను. అందాకా కారు తోలొద్దంటే వినలేదు. తోడల్లుడి ఇంటికి బస్సులో దిగితే పరువు తక్కువట.

శాంతిపురం ఇంకా రాలేదు. వెనక నుంచి బస్సు గట్టిగా హారన్ కొట్టింది. ఆయన ఉలిక్కిపడి స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. చక్రాలు తారు దిగాయి. కారు కంకర మీద జారింది.

"ఆపయ్యా!" అని అరిచాను. ఒక టీ అంగడి ముందు ఆగింది. ఆయన స్టీరింగు వదలలేదు. వేలు వేలూ నేనే విడదీశాను.

"మే, రోడ్డు నా మీదికొస్తాండాది," అన్నాడు. ఆ గొంతు నేను ఎన్నడూ విననిది.

ఆయనను కిందికి దింపి బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరమ్మకు ఫోను చేశాను. కొత్త మాత్ర పడలేదు మేడమ్ అని గబగబా చెప్పేశాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "పాతది ఇప్పుడు ఎంత వేసుకుంటున్నాడు?"

స్పీకరు పెట్టి ఆయన వైపు చూశాను.

"అది మానేసినా కదా మేడమ్. కొత్తది మొదులుపెట్టిన నాడే."

"ఎందుకప్పా? తగ్గించమన్నాను కదా?"

"ఒకే ట్యాంకులో రెండు మందులు కలిపితే పైరు మాడిపోతాది మేడమ్. ఒగసారి అట్ల కలిపి పైరంతా పోగొట్టుకున్నా. మా అట్లోళ్లు ట్యాంకు కడుక్కునే ఇంకోటి పోస్తాం."

ఆమె తిట్టి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. తిట్టలేదు. "అమ్మా, ఇది కొత్త మాత్ర వల్ల కాదు, పాతది ఒక్కసారిగా ఆపడం వల్ల. ఫిట్స్ కూడా రావచ్చు. ఆయన బండి ముట్టకూడదు. వెంటనే కుప్పంలో ఆస్పత్రికి తీసుకుపోండి. పాత మాత్రలు దగ్గరున్నాయా?"

ఆయన తల దించుకున్నాడు. "కాలీ పురుగుమందు డబ్బాలతో పాటు సేను మూల పూడ్సేసినా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకటేసారి వచ్చాయి. బతికున్న మాత్రలకు సమాధి కట్టిన మహానుభావుడు! ముందురోజే కుప్పం చేరిన మా ఆయన తమ్ముడికి ఫోను చేసి కారేసుకుని రమ్మన్నాను. అతను వచ్చేదాకా ఆ బెంచీ మీద కూర్చోవడం ఉంది చూడండి, పగవాడికి కూడా వద్దు. లారీ పోయిన ప్రతిసారీ ఆయన భుజం అదిరేది. అదిరినప్పుడల్లా, ఇదేనేమో, ఫిట్స్ ఇప్పుడేనేమో అని ఆయన మొహంలోకి చూసేదాన్ని. టీ అంగడాయన మంచివాడు, తాళాల గుత్తి తెచ్చి "సేతిలో పెట్టమ్మా, ఇనుము ఉంటే ఆగుతాది" అన్నాడు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో, నోట్లో ఏమీ పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. తాళాలు తిరిగి ఇచ్చేశాను. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

కుప్పం ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు మదనపల్లె డాక్టరమ్మతో మాట్లాడి, పాత మాత్రే మళ్లీ ఇచ్చి పడుకోబెట్టాడు. మధ్యాహ్నానికి వణుకు తగ్గుముఖం పట్టింది. అక్కడ గృహప్రవేశం మేం లేకుండానే అయిపోయింది. చెల్లెలు క్యారియరులో పాయసం పంపింది.

భయం దిగాక నాకు కోపం ఎక్కింది. "ఏమయ్యా, టమోటాకు కట్టిన కట్టె పుచ్చిపోతే ఏం జేస్తావు?"

"కొత్త కట్టె పాతి, సెట్టును దానికి కట్టి, అప్పుడు పాతది పీకుతా."

"ముందే పీకేస్తే?"

ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్ల మూలల నుంచి నీళ్లు చెవుల్లోకి దిగాయి. కొంగుతో తుడిచాను. అప్పుడన్నాడు, "ఆ మత్తు మాత్ర లేకుండా నేను మళ్లా మామూలు మనిసినైపోయినానని నీకు సూపీయాలనుకున్నా మే."

ఇప్పుడు డాక్టరమ్మ చెప్పిన లెక్క ప్రకారం పాతది తగ్గుతోంది, నెలలు పట్టొచ్చట. కొత్తది నిలబడుతుందో లేదో ఆమె కూడా ఖాయంగా చెప్పలేదు. కుదరకపోతే ఇంకోటి చూద్దామంది. ఆయన బండి తోలడం లేదు. నా స్కూటీ వెనక కూర్చుని చేనికి పోతున్నాడు, ఊరు నవ్వుకుంటే నవ్వుకోనీ. కొన్ని సాయంత్రాలు గిన్నె కిందపడితే ఇప్పటికీ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

కుప్పం నుంచి వచ్చిన రోజే మాత్రల సంచీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వే ఇయ్యి," అన్నాడు. మందు కొలిచే మూతను ఇంకొకరిని ముట్టనివ్వని మనిషి. రోజూ అన్నమయ్యాక సగానికి తుంచిన మాత్రను ఆయన అరచేతిలో పెడతాను. ఆ చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. మింగి, నీళ్లు తాగి, నేను అడగకుండానే నోరు తెరిచి చూపిస్తాడు.