గోడ మీదుగా వచ్చిన వైరు

మా మనవరాలు మిర్యాలగూడ నుంచి ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చిన కంప్యూటర్లలో ఒక్కదానికీ లోపల హార్డ్ డిస్కు లేదు. మూతపడ్డ ఒక ప్రైవేటు కాలేజీ గోదాములో దుమ్ము పట్టి ఉన్న పెట్టెలవి. డిస్కులు ఊడదీసుకుని మిగతాది పాత ఇనుము కింద వేయబోతుంటే ఈ పిల్ల పోయి బేరమాడి తెచ్చుకుంది. వాకిట్లో వరుసగా దించుతుంటే నాకు కడుపు మండింది. డిస్కు లేనిది బుర్ర లేనట్టేనని దాని నోటనే విన్నాను మరి.

సూర్యాపేటలో మా ఇంటి ముందు గదులు రెండూ నేను కిరాయికి ఇచ్చుకునేదాన్ని. మనవరాలి అమ్మానాన్నలు నేరేడుచర్లలో ఉంటారు. మా కొడుకు అక్కడ రైసుమిల్లులో పని చేస్తాడు. పిల్ల పాలిటెక్నిక్ చదువుకి నా దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. చదువు అయ్యాక ఉద్యోగానికి పొమ్మంటే, ఆ రెండు గదులూ నాకియ్యి, కంప్యూటర్ హాలు పెడతానంది. ఆన్‌లైన్ పరీక్షలు రాసే పిల్లలు ముందుగా అలవాటు చేసుకోవడానికి ఈ ఊళ్లో సరైన చోటు లేదట. ఒక్క ఏడాది చూసి, నడవకపోతే తీసేసి గదులు మళ్లీ కిరాయికి ఇస్తానని చెప్పాను. సరేనంది. నాది మాటంటే మాటే అని దానికి తెలుసు.

"బుర్రలేని డబ్బాలతోని ఏం జేస్తవే?" అని అడిగితే అది నవ్వింది.

"ఇంట్ల మనిషికొక పొయ్యి పెడ్తమా నానమ్మా? ఒక్క పొయ్యి మీద వండి అందరికి పెడ్తం. గిదీ గంతే. బుర్ర ఒక్కదాంట్లనే ఉంటది. కడమయన్నీ దాన్ని అడిగి తెచ్చుకుంటయి."

ఆ ఒక్క మాట నాకు నచ్చింది. గ్యాసు, కరెంటు, సబ్బుబిళ్ల ఏదైనా ఒకటి పెట్టి నలుగురికి సరిపెట్టడం నా జన్మంతా చేసిన పనే. గోడ తీయించి రెండు గదులూ ఒక్కటి చేయించాను. మూలకు ఒక పెద్ద కంప్యూటరు, దాని చుట్టూ గోడ వెంట ఈ మిర్యాలగూడ పెట్టెలు. లైనక్స్ అని ఒకటి అందులో వేసింది. దానికి పైసా ఇవ్వనక్కర్లేదట. ఊరికే వచ్చేదాని మీద నాకు నమ్మకం తక్కువ. ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు అని చాలా రోజులు అడిగాను. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి అందరికీ వదిలేశారని చెప్పేది. నాకు సగమే ఎక్కింది.

వైర్ల పని చూస్తే అల్లిక పనిలా ఉండేది. ఒక్కో వైరులో ఎనిమిది సన్న తీగలు, ఒక్కోటి ఒక్కో రంగు. వాటిని వరుస తప్పకుండా పేర్చి, కొసకు గాజులాంటి చిన్న టోపీ తొడిగి, పట్టకారులాంటి దానితో నొక్కాలి. ఒక్క తీగ పక్కకు జరిగినా ఆ కంప్యూటరు లేవదు. పిల్ల రోజంతా కింద కూర్చుని అదే పని. వైర్లన్నీ తెచ్చి స్విచ్ అనే బల్లపరుపు పెట్టెకు గుచ్చింది. స్విచ్ అంటే గోడ మీది స్విచ్ కాదు. బోలెడు రంధ్రాలున్న పెట్టె. పెద్ద కంప్యూటరు మాటలు మిగతావాటికి చేరేది దాని ద్వారానే.

మొదట్లో పొద్దున్నే ఒక కొత్త బాధ. రాత్రి బాగా నడిచినవి తెల్లారేసరికి అన్నీ మరిచిపోయేవి. లేవగానే తమ డిస్కు ఏదని వెతుక్కుని, దొరక్క నల్లమొహం వేసుకుని కూర్చునేవి. పిల్ల ఒక్కో దాని ముందు కూర్చుని, నీ దగ్గర ఏం లేదు, నెట్‌వర్క్‌ని అడుగు అని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చేది. నాలుగు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, లోపల ఉండే బిళ్ల బ్యాటరీలు చచ్చిపోయాయట. గడియారాల దుకాణానికి పోయి కొత్తవి తెచ్చి వేసింది. అప్పటినుంచి చెప్పింది గుర్తుపెట్టుకున్నాయి.

అవి ఎట్లా లేస్తాయో కూడా నాకు చెప్పింది. కరెంటు రాగానే ప్రతి పెట్టె, ఈ తీగ మీద ఎవరన్నా ఉన్నారా, నాకొక నంబరు ఇవ్వండి అని కేకేస్తుందట. మూలన ఉన్న పెద్దది విని నంబరిచ్చి, నీకు కావాల్సింది నా దగ్గర ఉంది, వచ్చి తీసుకో అంటుందట. ఎవరు ముందు జవాబిస్తే వాళ్లనే నమ్ముతుంది. ఎవరు నువ్వు అని ఎదురడగదు. పసిపిల్లల బుద్ధి అన్నాను నేను.

ఏడాది నిండవచ్చింది. వచ్చే పిల్లలు ఆడా మగా కలిపి పిడికెడు మంది. పిల్ల నా మొహం చూసి రోజులు లెక్కపెట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది. అప్పుడు కోదాడ నుంచి ఒక కాలేజీ సారు వచ్చాడు. వాళ్ల పిల్లల్ని ఒక ఆదివారం తెచ్చి ప్రాక్టీసు పరీక్ష రాయిస్తాడట. బాగా నడిస్తే పరీక్షలయ్యేదాకా ప్రతి ఆదివారం బస్సు ఇక్కడికే. అంటే హాలు నిలబడినట్టే. అది కాకపోతే నిలబడదు.

ఇక్కడ మా పక్కింటామె గురించి చెప్పాలి. జాకెట్లు కుడుతుంది. నన్ను పెద్దమ్మా అంటుంది, మనవరాలు ఆమెను అత్తా అంటుంది. వానాకాలంలో మురుగునీటి మోరీ తవ్వినప్పుడు వాళ్లింటి నెట్టు తీగ తెగిపోయింది. ఆమెకు ఆర్డర్లు, డిజైన్ల ఫొటోలు అన్నీ ఫోన్లోనే వస్తాయి. ఒక్క నెట్టుతో రెండిళ్లు నడుస్తుంటే నాకు ముచ్చటే కదా, ఆమెకు ఇయ్యమని పిల్లకు నేనే చెప్పాను. మా స్విచ్ నుంచి ఒక వైరు కిటికీలోంచి తీసి, గోడ మీదుగా వాళ్లింట్లో ఉన్న వైఫై డబ్బాకు పెట్టింది. రెండు నెలలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

శనివారం పగలు పిల్ల అన్ని పెట్టెలూ లేపి చూసుకుంది. ఒక్కటి కూడా మొరాయించలేదు. హాలుకు తాళం వేసి ఇద్దరం తొందరగా పడుకున్నాం.

ఆదివారం పొద్దున కోదాడ బస్సు వచ్చి వాకిట్లో ఆగేసరికి హాల్లో మూడో నాలుగో లేచాయి. మిగతావన్నీ నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వేసుకుని ఒకే చోట ఆగిపోయాయి. మనవరాలు నవ్వుతూ పిల్లల్ని కూర్చోబెట్టింది. మొదట ఆ నవ్వు నిజమే. స్విచ్ ఆపి మళ్లీ వేసింది. ఈసారి వేరే మూడు లేచాయి, ఇందాక లేచినవి పడుకున్నాయి. వైర్లు మార్చింది. పెద్ద కంప్యూటరు ఆపి లేపింది. దాని మూత తీసి లోపలికి చూసింది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఏం చూస్తోందో, ఎక్కడ వెలుగు పెట్టాలో కూడా నాకు తెలియదు. దాని చెయ్యి ఎటు పోతే అటు పట్టాను.

టీ పెట్టి పిల్లలందరికీ ఇచ్చాను. మామూలుగా అయితే చక్కెర చూసి వేసేదాన్ని, ఆ రోజు చేతికి ఎంతొస్తే అంత వేశాను. వాళ్లు మంచి పిల్లలు. అల్లరి చేయలేదు. అల్లరి చేస్తేనే నయంగా ఉండేది. వాళ్లు నిశ్శబ్దంగా నల్లటి తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

సారు చాలాసేపు ఓపిక పట్టాడు. మధ్యలో రెండుసార్లు బయటికి పోయి ఫోన్ మాట్లాడి వచ్చాడు. చివరికి నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఏమనుకోకండమ్మా. పిల్లలు మధ్యాహ్నానికల్లా ఇళ్లకు చేరాలి. మీ అమ్మాయి కష్టపడుతోంది, చూస్తూనే ఉన్నాను."

ఇంకొంచెంసేపు ఉండమనే ధైర్యం లేదు, ఎందుకంటే ఆ ఇంకొంచెం ఎంతో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పిల్ల ఏడవలేదు. ఒక ఆగిపోయిన పెట్టె ముందు నేల మీద కూర్చుని ఆ తెల్ల అక్షరాలు మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. పొద్దుటినుంచి చదవడానికి తీరిక ఎక్కడిది, అందరూ చూస్తుంటే చేతులే ఆడాయి. చాలాసేపటికి వేలు పెట్టి చూపించింది.

"నానమ్మా, గిది మన నంబరు గాదు."

"మరెవరిది?"

"ఎవలో మధ్యల జవాబిస్తున్నరు. మన పెద్దదానికన్న ముందుగాల."

లేచి స్విచ్ దగ్గరికి పోయి ఒక్కో వైరు పీకి చూడసాగింది. కిటికీలోంచి బయటికి పోయే వైరు పీకగానే మళ్లీ లేపిన పెట్టె గబగబా అక్షరాలు దొర్లించి లోపలికి పోయింది. పక్కది లేచింది. ఆ పక్కది. చూస్తుండగానే హాలంతా వెలిగింది. ఒక్కదాని ముందూ ఎవరూ లేరు. పిల్ల ఆ వైరు కొస చేతిలో పట్టుకుని గోడ అవతలికి చూసింది. పక్కింటికి తాళం ఉంది.

పొద్దుగూకే వేళకు పక్కింటామె వచ్చింది. మిర్యాలగూడలో బంధువులింట్లో ఏదో ఫంక్షన్ అయితే తెల్లవారుజామునే పోయిందట. పట్టుచీర ఇంకా మార్చుకోలేదు. చేతిలో లడ్డూల పొట్లం. వస్తూనే అడిగింది.

"మంచిగ నడిచిందా బిడ్డా పరీక్ష? నిన్న పొద్దుమూకినంక మా నెట్టు వచ్చింది. మీ వైరు పీకేస్తనంటే నేనే వద్దన్న కేబులాయన్ని. ఇన్నొద్దులు వాళ్లది వాడుకుంటిమి, ఇప్పుడు మాది గూడ వాళ్లకు పోయేటట్టు పెట్టు అన్న. వేరే బొక్కల పెడితే పోతదన్నడు. పెట్టిచ్చిన. రేపు మీకు పరీక్షుంది గద, మీది తక్కువ పడితె మాది ఆసరైతదని."

మా వాడకట్టులో ఖాళీ గిన్నె తిరిగిచ్చే అలవాటు లేదు. కూర పంపితే ఆ గిన్నెలో ఏదో ఒకటి వేసి పంపుతారు. ఇంట్లో ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలు. ఆమె వైరును కూడా అట్లాగే ఖాళీగా పంపలేదు. వాళ్ల డబ్బా గోడ ఇవతలికి వచ్చి మా పెట్టెలన్నిటికీ నంబర్లు పంచిపెట్టింది. నంబరిచ్చింది కానీ వాటికి కావాల్సింది దాని దగ్గర ఎక్కడుంది?

నాకు తిట్టు నోటిదాకా వచ్చింది. ఈ వీధిలో నా నోటికి భయపడని మనిషి లేడు. కానీ మనవరాలు నా వైపు ఒక్క చూపు చూసి ఆమె చేతిలో పొట్లం అందుకుంది.

"మంచిగనే నడిచిందత్తా. వైరు మాత్రం తీసేసిన. ఇగ మీకు మీది వచ్చింది గద."

"ఉండనియ్యకపోతివి," అందామె, కాస్త చిన్నబుచ్చుకుని.

మర్నాడు సారు ఫోన్ చేసి, కోదాడలోనే వేరే చోటు మాట్లాడుకున్నామని చెప్పాడట. పిల్ల సరే సార్ అని పెట్టేసింది. ఎందుకు చెడిందో చెప్పలేదా అంటే, చెప్తే సాకులంటరు నానమ్మా అంది.

నాకు మనసు ఊరుకోలేదు. మూడో రోజు, దవాఖానకు పోతున్నానని చెప్పి కోదాడ బస్సెక్కాను. నా అంతట నేను ఒక కాలేజీ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. సారు గుర్తుపట్టి కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇప్పించాడు. పక్కింటామె వైరు సంగతి, నంబర్ల సంగతి, పెట్టెలు ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోయే సంగతి నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. మధ్యలో తడబడ్డాను. ఆయన నవ్వలేదు. మొత్తం విన్నాడు.

"మీరు చెప్పింది నాకు అర్థమైందమ్మా. ఇట్లాంటిది మా ల్యాబులో కూడా ఒకసారి అయింది. మీ అమ్మాయి పని తప్పని నేను అనుకోవట్లేదు," అన్నాడు. "కానీ పక్కింటావిడ వైరు పెట్టిందని నేను పిల్లల తల్లిదండ్రులకి ఏమని చెప్పనండి? అక్కడ మాట ఇచ్చేశాం కూడా."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తప్పుంటే కొట్లాడేదాన్ని. లేచి దండం పెట్టి వచ్చేశాను.

సూర్యాపేటలో దిగి ఇంటికొచ్చేసరికి హాల్లో ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని టైపు కొడుతున్నారు. మనవరాలు వాళ్ల వెనక నిలబడి ఉంది. నా చెప్పుల మీది దుమ్ము చూసింది.

"కోదాడ పోయినవా?"

"పోయిన."

"ఏమన్నడు?"

"ఇగ రామని అన్నడు."

తల ఊపి, ఒక అమ్మాయి వేళ్లు సరిచేయడానికి వంగింది. ఏడాది నిండడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆ మాట దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఇంకో ఏడాది చూద్దామని అనాలని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ మాట అన్నా సరే, ఆ హాల్లో కూర్చోవడానికి మనుషుల్ని నేను ఎక్కడినుంచి తెచ్చిపెట్టగలను? ఆ ముగ్గురి క్లాసు అయ్యేదాకా అట్లాగే నిలబడి ఉన్నాను.