భీముడి గుండె, తాతయ్య గడువు

మా కుక్క చిట్టి నడుము మీద వెంట్రుకలు గొరిగిన చోట, ఈ పొద్దుట వేయించిన ఇంజెక్షన్ తాలూకు స్పిరిట్ వాసన ఇంకా పోలేదు. దోమకాటుతో చేరి గుండెలో పెరిగే పురుగులను చంపే మందది. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోతాయి గనుక, అవి కరిగేదాకా కుక్క పరుగెత్తకూడదు. డాక్టరు గారు చెప్పిన తేదీని రాసి గోడకు అంటించాను, చదివేది నేనొక్కణ్ణే. "మాత్రలతో దగ్గు తగ్గిపోయిందిగా అండి, కాసేపు వదలండి పాపం" అని మా ఆవిడ మధ్యాహ్నం నుంచీ ఒకటే నస.

నా చిన్నతనంలో, తణుకు దగ్గరి మా ఊళ్ళో కాలాన్ని తేదీలతో కొలిచినవారు లేరు. బాబాయి పెళ్ళి దాళ్వా పంట ఊడ్పులప్పుడు, అత్తయ్య పుట్టుక గోదారి పొంగినప్పుడు. ఏ సంవత్సరమని అడిగితే నన్నే వెర్రివాణ్ణి చూసినట్టు చూసేవారు. మా కుక్క భీముడు ఇదే జబ్బుతో దగ్గి దగ్గి కూలబడిపోతుంటే తాతయ్య వాణ్ణి బండి మీద పశువుల డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళారు. ఆయన ఇంజెక్షన్లు వేసి, నెల్లాళ్ళు కట్టెయ్యమన్నారు. "అంటే నూర్పిళ్ళ దాకానండి" అన్నారు తాతయ్య. అప్పుడే కోతలయ్యాయి, ఏటా కోతలకూ నూర్పిళ్ళకూ మధ్య అంత వ్యవధి ఉండేది గనుక డాక్టరు గారూ తలూపారు.

ఆ ఏడు ధాన్యం బేరం ముందే కుదిరింది. కుప్పలూ ముందే నూర్చారు. కొత్త గడ్డి వాసన, కాల్చిన తేగల కమురు, ఎడ్ల గిట్టల కింద రాలే గింజల గలగల, నానమ్మ గంపలో తెచ్చిన కొత్త బియ్యపు పులగం, వీటితో కళ్ళమంతా సందడిగా ఉంది. భీముడు అప్పటికి ఒళ్ళు చేసి నిగనిగలాడుతున్నాడు. "నూర్పిళ్ళు వచ్చేశాయిగా, విప్పండర్రా" అన్నారు తాతయ్య. కుప్ప అడుగు కదలగానే పందికొక్కులు బయటికి దూకాయి. భీముడు వాటి వెంట గట్ల మీద ఉరికి, ఒకదాన్ని కరుచుకొచ్చి తాతయ్య కాళ్ళ దగ్గర పెట్టి, నురగతో నెత్తురు కక్కి అక్కడే ఒరిగిపోయాడు. నెలలో సగమైనా గడవలేదు.

"చెప్పిన దాకా ఆగాను కదరా" అన్నారు తాతయ్య, నన్ను పట్టుకుని.

ఇప్పుడు కళ్ళాలు లేవు. యంత్రం చేలోనే కోసి, నూర్చి, ధాన్యాన్ని ట్రాక్టరులో పోసి వెళ్ళిపోతుంది. కుప్పలు లేవు, పులగం గంప లేదు, తాతయ్యా లేరు. మా ఆవిడ మాత్రం ఇప్పుడే మళ్ళీ వచ్చి, పోనీ వినాయక చవితికైనా వదులుతారా అని అడిగింది. చవితి ఏ తేదీన పడిందో చెప్పమన్నాను. తెలియదట. చిట్టి నన్ను చూసి గుర్రుమంటోంది. గుర్రుమననీ.