కాశీలో ఏం వదలాలి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా గర్వానికి పట్టపగ్గాలు ఉండేవి కావు. చిన్నప్పటి నుంచీ మా ఇంటి మీదుగా ఎగిరిపోయిన విమానాలన్నీ ఇకమీదట నన్ను అడిగి ఎగురుతాయన్నట్టు నడిచేదాన్ని. శంషాబాద్ పక్కనున్న మా ఊరి నుంచి ఎయిర్‌పోర్టులో మెడకు స్కార్ఫు కట్టుకుని నిలబడే ఉద్యోగం దొరికిన మొదటి ఆడపిల్లను నేనే. (మగపిల్లలు అప్పటికే చాలామంది అక్కడ ట్రాలీలు తోస్తున్నారు, క్యాబులు నడుపుతున్నారు. కానీ వాళ్ళకు స్కార్ఫు లేదు కదా.) ఇంకా శిక్షణలోనే ఉన్నానన్న సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఎవరైనా పలకరిస్తే డ్యూటీకి టైమవుతోందని వాచీ చూసుకునేదాన్ని.

మాకు శిక్షణ ఇచ్చే మేడం గోదావరి వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి. ఎవరు నోరు విప్పినా "అలాక్కాదమ్మా" అని మొదలుపెట్టేవారు కనుక మేమంతా ఆవిడకు అలాక్కాదమ్మ అని పేరు పెట్టుకున్నాం. వారానికో ఇంగ్లీషు మాట ఇచ్చి, ఆ వారమంతా దాన్ని వాడుతూ ఉండమనేవారు. ఆ వారం మాకు వచ్చిన మాట 'రెలింక్విష్'. ఒక్కోసారి విమానంలో ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముడుపోతాయి. అప్పుడు ఎవరైనా తమంతట తాము సీటు వదులుకుంటారేమో ప్రయాణికులను మర్యాదగా అడగాలి, అక్కడ ఈ మాట కావాలి. 'గివ్ అప్' అంటే సరిపోదా మేడం అని నేను అడిగాను. "అలాక్కాదమ్మా. గివ్ అప్ అంటే చేతకాక సగంలో ఆపేసినట్టు కూడా అవుతుంది. సరెండర్ అంటే ఎదుటివాడి బలానికి లొంగి ఇచ్చేయడం. ఇది వేరు. వస్తువు నీదే, నీ చేతిలోనే ఉంది, దానిమీద హక్కూ నీదే. అయినా నీ అంతట నువ్వే వేళ్ళు విప్పి వదిలావు. అదీ రెలింక్విష్. నీకు అక్కర్లేనిది పారేసి ఈ మాట వాడితే మాటకే అవమానం," అన్నారు. నాకు భలే నచ్చింది. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ నేనేదో జపం చేసుకుంటున్నాననుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే మా ఇంట్లో నాయినమ్మ కాశీ ప్రయాణం మీద పంచాయితీ నడుస్తోంది. ఊళ్ళో ముసలివాళ్ళు కొందరు జట్టుగా విమానంలో పోతున్నారు. కాశీకి పోయినవాళ్ళు గంగలో మునిగి, తమకు ఇష్టమైన కూరగాయో పండో ఒకటి అక్కడ వదిలేసి రావాలి. ఇక బతికున్నన్నాళ్ళూ దాన్ని ముట్టకూడదు. ఏం వదలాలన్నదే మా పంచాయితీ. మా చిన్నాయన లోగడ రైల్లో పోయి కాకరకాయను వదిలి వచ్చాడు. బుద్ధెరిగాక ఆయన కాకరకాయ నోట పెట్టిన పాపాన పోలేదు. ఎదురింటి పెద్దమ్మ ఆపిల్ పండు వదిలింది. ఆమె దాన్ని తినేది దవాఖానలో ఉన్నప్పుడే. (మా ఊరి వాళ్ళందరూ కాశీలో వదిలినవి పోగేస్తే, ఎవరూ తినని కూరలతో పెద్ద సంత అయ్యేది.)

"అమ్మా, నువ్వు సొరకాయ ఇడ్సిపెట్టు. నీకెట్లైనా పడది," అన్నాడు చిన్నాయన. "బీరకాయ మాత్రం వద్దు. మనింట్ల దినాం అదే వండుతరు," అన్నాడు మా బాపు. నాయినమ్మ చింతపండులో గింజలు తీస్తూ సరేనన్నట్టు తల ఊపింది. విషయం అక్కడితో తెగిపోయేదే. కానీ నోట్లో కొత్త మాట ఉన్నప్పుడు నేను ఊరుకునే రకం కాదు. యూనిఫాం అయినా మార్చకుండా నడింట్లో నిలబడి, "అలాక్కాదు చిన్నాయనా," అని మొదలుపెట్టి, మేడం చెప్పిందంతా, చేతివేళ్ళు విప్పి చూపించడంతో సహా, వాళ్ళకు అప్పజెప్పాను. చిన్నాయన కాకరకాయకు అసలు లెక్కే లేదని కూడా తేల్చేశాను. ఆయన మొహం మాడ్చుకుని బయటికి పోయాడు. నాయినమ్మ మాత్రం గింజలు తీయడం ఆపింది.

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా," అంది.

చెప్పాను.

"మీ మేడం మంచిగనే చెప్పింది," అంది, ఎక్కడో చూస్తూ. అప్పుడు నాకు భయం పట్టుకుంది. నాయినమ్మకు ఇష్టమైనది ఏమిటో మా ఇంట్లో పిల్లిని అడిగినా చెబుతుంది. సీతాఫలం. వానలు వెనకపట్టాక కాయలు రావడం మొదలైతే ఆమెకు అన్నం కూడా అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు కట్టడానికి సర్కారు తీసుకున్న మా చెలక (మెట్టచేను) గట్ల మీద ఒకప్పుడు వరసగా సీతాఫలం చెట్లే ఉండేవట. కాయ మీద కండ్లు తెరుచుకున్న తీరు చూసి, ఇది రేపు, ఇది ఎల్లుండి అని చెప్పి మాగబెట్టేది. పండిన వాటిని మేమిద్దరం ఇంటి ముందు కూర్చుని తినేవాళ్ళం. తింటూ ఆమె నాకు చెప్పిన ముచ్చట్లు ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు. నేను ఆమెకు చెప్పినవి (ఇంటర్‌లో ఒకబ్బాయి సంగతితో సహా) ఇంకెవరికీ తెలియవు. ఆమె ఆ పండు వదిలేస్తే పోయేది పండొక్కటే కాదు. నా మాట వల్ల నాకే నష్టం వచ్చేట్టుంది.

ఆ రోజు నుంచి నా పని ఆ మాటను వెనక్కి తీసుకోవడమే అయింది. "నాయినమ్మా, అది ఎయిర్‌పోర్టు మాట. కాశీల నడ్వది," అన్నాను. "దేవునికి అన్ని మాటలు వస్తయి," అంది. లాభం లేదని క్లాసులో మేడం దగ్గరికి పోయాను. "మేడం, రెలింక్విష్ కంటే కొంచెం తక్కువ వదిలే మాట ఏదైనా ఉందా?" అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఎంత తక్కువ కావాలమ్మా?" అన్నారు. "ఒక్క ఏడాదికి సరిపోయేంత," అన్నాను. ఆవిడ నవ్వకుండా ఆలోచించి, "అయితే ఫర్‌గో అను. దొరికేదాన్ని ఈ ఒక్కసారికీ వద్దనుకుని సర్దుకోవడం. పైసారి తీసుకోవచ్చు," అన్నారు. పరుగున ఇంటికొచ్చి ఆ సంగతి నాయినమ్మకు చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. "గట్లైతే ఒక్కపొద్దు ఉన్నట్టే గద బిడ్డా. దానికి కాశీ దాంక ఎందుకు, ఇంట్లనే ఉంట," అంది. ఇగ నా దగ్గరున్న ఇంగ్లీషు అయిపోయింది.

ప్రయాణం రోజు నేనే దగ్గరుండి ఆమెను లోపలికి తీసుకుపోయాను. తనిఖీ దగ్గర ఆమె చేతిసంచిలోంచి కొబ్బరికాయ, కారంపొడి పొట్లం తీసి పక్కన పెట్టారు. ఆమె ఎంత గొడవ చేస్తుందో, నా స్కార్ఫు పరువు ఏమవుతుందో అని నేను అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను. ఆమె వాటివైపు చూడనైనా చూడలేదు. "వాళ్ళు తీస్కునేటియి వాళ్ళు తీస్కుంటరు," అని ముందుకు నడిచింది. గేటు దగ్గర ఆమె చెవిలో, "సొరకాయ యాది పెట్టుకో," అన్నాను. "నువ్వు పరేషాన్ గాకు," అని నా స్కార్ఫు ముడి సరిచేసి పోయింది.

తిరిగి వచ్చాక ఏం వదిలావని అందరూ అడిగారు. "గంగమ్మకు చెప్పిన. మీకెందుకు," అంది. సొరకాయ కూర వండిన రోజు నేను ఆమె కంచం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎప్పటిలాగే తినలేదు. అందులో నాకేమీ తేలలేదు. చివరికి సీతాఫలాలు రానే వచ్చాయి. తుక్కుగూడ రోడ్డు మీద ఒక గంప కాయలు కొనుక్కొచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె ఎప్పటిలాగే ఒక్కో కాయనూ ఒత్తి చూసి, వరిగడ్డిలో సర్దింది. నాకు ఆశ పుట్టింది. తర్వాత ఒక పొద్దున నన్ను పిలిచి, పండిన కాయను రెండు చెక్కలుగా విప్పి, రెండూ నా చేతిలోనే పెట్టింది.

"నీకు?" అన్నాను.

"నువ్వు తిను."

నాకు ఏడుపొచ్చింది. "ఆ మాట నేను ఊకె చెప్పిన నాయినమ్మా. గింత ముసల్దానివి, నువ్వు వదిలితే ఎవరికి లాభం?" అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "మన చెలక పోయినప్పుడు నన్నెవ్వలు అడుగలే. చెట్లు గూడ దాంతోనే పోయినయి. మీ తాత పోయిండు. కంటి సూపు పోతున్నది. అన్ని వాటంతట అవే పోవుడే గని, నేను ఇడ్సింది ఒక్కటి లేదు. గిదొక్కటి నేనే ఇడ్సిన బిడ్డా. ఎవ్వలు గుంజుకోలే," అంది. ఆ ముఖంలో బాధేమీ లేదు. మా చిన్నాయన కొత్త కారు కొన్నరోజు ఎట్లా కనిపించాడో అట్లా కనిపించింది. ఆ తర్వాత నా చేతిలోని చెక్కను తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, తనివితీరా వాసన చూసి తిరిగి ఇచ్చేసింది. నేను అనుమానంగా చూస్తే, "వాసన సూసుడు నేను ఇడ్వలే," అంది. నేను ఏడుస్తూనే పకపకా నవ్వేశాను. ఆ సీజనంతా ఆమె పక్కన కూర్చుని నేను తిన్నాను, ఆమె ముచ్చట్లు చెప్పింది. నేను భయపడ్డట్టు ఆ ముచ్చట్లు ఆగిపోలేదు.

శిక్షణ పూర్తయ్యే రోజున మేడం ఆ మాటను సొంత జీవితం నుంచి ఒక వాక్యంలో వాడమన్నారు. నాయినమ్మ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది కానీ, చెప్పబుద్ధి కాలేదు. అందరిలాగే విమానం సీటు వాక్యం చెప్పి పాసయ్యాను.

ఇప్పుడు నాయినమ్మ లేదు. కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఆ మాట చెప్పే పని నాకు వచ్చింది. మా ఉద్యోగులకు టికెట్ చవగ్గా వస్తుంది, కాశీకి పోయిరా అని ఇంట్లో ప్రతి ఏడూ అంటారు. సొరకాయో కాకరకాయో వదిలి వచ్చేద్దామంటే, అది కుదరదని వేళ్ళు విప్పి మరీ చెప్పినదాన్ని నేనే. ఏం వదలాలో నాకు తెలుసు. నా చేతిలోనే ఉంది, హక్కూ నాదే. అందుకే సెలవు దొరకడం లేదని చెబుతున్నాను. ఈ ఏడు కూడా వచ్చే ఏడు పోదామని చెప్పి, తుక్కుగూడ పోయి ఒక గంప కాయలు తెచ్చుకున్నాను.