హార్డ్ డిస్కు లేని మిషన్

ఎనభైల చివర్లో అమలాపురంలో నేను నడిపిన కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో రెండే మిషన్లు ఉండేవి. హార్డ్ డిస్కు ఉన్నది ఒక్కదానికే. ఆ ఏటి విద్యార్థుల ప్రాజెక్టులన్నీ అందులోనే ఉన్నాయి, పరీక్ష దగ్గరపడింది. అన్నిటికీ నకళ్లు తీయడానికి చాలినన్ని ఫ్లాపీలు మా దగ్గర లేవు. ఫ్లాపీల వెంట వైరస్ అనేదొకటి పాకుతోందని హైదరాబాదులో విని వచ్చినప్పటినుంచి నాకు స్థిమితం లేదు.

అందుకని రెండో మిషన్‌ను వేరుచేశాను. దానికి ఉన్నవి రెండు ఫ్లాపీ డ్రైవులే. బయటినుంచి వచ్చిన ఏ ఫ్లాపీ అయినా ముందు అందులోనే పెట్టాలి. పని కాగానే కరెంటు తీసెయ్యాలి. మీటలు నొక్కి తిరిగి మొదలుపెడితే చాలదు, మెమరీలో నక్కినది పోదు.

ఆ నియమం మొదట తగిలింది నా హైస్కూలు స్నేహితుడికి. దుబాయ్ ఉద్యోగం వదిలి వచ్చి, రాజోలులో పెళ్లికార్డుల దుకాణం పెట్టబోతూ, అందుకు పనికొచ్చే ప్రోగ్రాం ఒక ఫ్లాపీలో తెచ్చుకున్నాడు. హార్డ్ డిస్కు మిషన్ ముందు కూర్చోబోతుంటే ఆపి, రెండోదాన్ని చూపించాను.

"ఏరా, మా నాన్నకి టీ కొట్లో గ్లాసు విడిగా పెట్టేవోరు. నువ్వు నా ఫ్లాపీకి ఏకంగా మిషనే విడిగా పెట్టేవా?"

నవ్వుతూనే అన్నాడు. ఆ కొట్టు మా వీధిదే. మా నాన్నగారి గ్లాసు బల్లమీద ఉండేది.

"నీదనే కాదురా, ఎవరిదైనా ఇంతే."

"ఆయ్. రూలు రూలే కదండీ. కానివ్వండి."

అంతవరకు అతను నన్నెన్నడూ 'అండీ' అనలేదు.

నా ఫ్లాపీ ఒకటి తీసి ముందు దాన్నే పరీక్షించాను. అందులో ఏమీ లేదు. తరువాత అతని ఫ్లాపీతో మిషన్‌ను మొదలుపెట్టి, రెండో డ్రైవులో అప్పుడే ఫార్మాట్ చేసిన ఖాళీ ఫ్లాపీ ఉంచి తనిఖీ చేశాను. ఏ లోపమూ లేని ఆ ఫ్లాపీలో మూడువేల డెబ్బైరెండు బైట్లు చెడినట్టు తెరమీద కనిపించింది. హైదరాబాదులో చెప్పిన వైరస్ గుర్తు అదే.

పిల్లల చదువు దక్కింది. అయినా ఆ అంకె కనిపించకుండా ఉంటే బాగుండుననిపించింది.

"దుబాయ్‌లో ఎవరి దగ్గరో పట్టుకుందిరా. నీ ప్రోగ్రాం బాగానే ఉంది, తీసిస్తాను."

కరెంటు తీసి, రాతకు వీల్లేకుండా స్టిక్కరు అంటించిన శుభ్రమైన ఫ్లాపీతో మళ్లీ మొదలుపెట్టి, ఫైళ్లను మాత్రమే కొత్త ఫ్లాపీలోకి ఎక్కించాను. మరోసారి తనిఖీ చేశాను. ఈసారి చెడినవి లేవు. గబగబా లేచి, హార్డ్ డిస్కు మిషన్ ముందు కుర్చీ లాగాను.

"రారా, ఇందులో ఆడిద్దాం."

"ఎందుకండీ, ఇక్కడ బానే ఆడుద్ది. ప్రింటరు తీగ ఇటియ్యండి."

ఇచ్చాను. ఇంగ్లీషు అక్షరాల్లో పెళ్లికార్డు వరుస వెంట వరుస దిగుతుంటే, అతను కాగితంకేసి, నేను అతనికేసి చూస్తూ నిలబడ్డాం.